మేముండేది ఎర్రగడ్డే, నవ్వకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక మూడో పేజీలో ఒక వార్త చదివాను. ఒక పార్టీ నాయకుడు ఇంకో పార్టీ నాయకుణ్ణి ‘ఎర్రగడ్డలో చేర్పించాలి’ అన్నాడట. అనేవాళ్ళు అంటారు, రెండు పక్షాలవాళ్ళూ ఏళ్ళ తరబడి అంటూనే ఉన్నారు. దాన్ని మీరు ఇంతింత అక్షరాలతో హెడ్డింగు పెట్టారు. పేపరు మడిచి కాఫీ గ్లాసు కింద పెట్టాను గానీ మనసు ఊరుకోలేదు. మేముండేది ఎర్రగడ్డలోనే, హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న పేటలో.

తెనాలిలో పోస్ట్‌మ్యాన్‌గా 33 ఏళ్ళు చేసి 2016లో రిటైరయ్యాను. మరుసటేడు మా అబ్బాయి ఇక్కడ ఫ్లాటు కొనుక్కుని, ఇద్దర్నీ తెచ్చి పెట్టుకున్నాడు. ఆ నవంబరులోనే మెట్రో కూడా మొదలైంది. మియాపూర్ వైపు నుంచి వస్తుంటే భరత్‌నగర్ తరవాతి స్టేషను మాది. మైకులో ‘ఎర్రగడ్డ’ అని వినబడగానే కాలేజీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకుంటారు. ‘నీ స్టేషనొచ్చింది, దిగరా’ అంటాడొకడు. ‘నువ్వు దిగు, నీ బెడ్డు ఖాళీగా ఉంది’ అంటాడు ఇంకొకడు. ఇన్నేళ్ళుగా పిల్లలు మారారు గానీ జోకు మారలేదు.

మా వైపు పెళ్ళిళ్ళకెళ్తే ఇంకో రకం. ‘ఎక్కడుంటున్నారు బాబాయ్?’ అంటారు. ‘ఎర్రగడ్డ’ అంటాను. ‘ఎప్పుడొదిలారు?’ అని పెద్దగా నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. తరవాత్తరవాత ‘సనత్‌నగర్ పక్కన’ అని చెప్పడం మొదలుపెట్టాను. ఒక జీవితమంతా చిరునామాలు సరిగ్గా చదివినవాణ్ణి, నా చిరునామా నేనే తప్పు చెప్తున్నాను. మా ఆవిడ అంతకంటే తెలివైంది. ‘ఈఎస్ఐ దగ్గర’ అంటుంది. ఈఎస్ఐ కూడా ఆసుపత్రే గదా, దానికెవరూ నవ్వరు. ఆ మాటకొస్తే మా పేటలో ఛాతీ ఆసుపత్రి కూడా ఉంది. దగ్గుతున్నవాణ్ణి చూసి ‘వీడు ఎర్రగడ్డ కేసు’ అన్నవాణ్ణి నేను చూడలేదు. రైతుబజారుంది, ఆదివారం నాడు రోడ్డు పొడుగునా పాత సామాను సంత ఉంది. బొరబండ నుంచి, మోతీనగర్ నుంచి జనం వచ్చి పాత మిక్సీలు, ఫ్యాన్లు బేరమాడి పట్టుకుపోతారు. ఇన్ని ఉండగా మాటలోకి మాత్రం ఒక్క మానసిక వైద్యశాలే ఎక్కి కూర్చుంది.

కడప నుంచి వచ్చిన మా వియ్యంకుడుగారు ఒక్కరే ఈ ఊరి పేరు విని మామూలుగా ఉన్నారు. వాళ్ళకి ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ‘ఎర్రగడ్డ లేకుంటే మాకు కూర యాడ ఐతాది బావా, మంచి పేరే గదా’ అన్నారు. ఆయనకి విషయం చెప్పబుద్ధి కాలేదు.

ఇంతకీ ఈ మాటని ఎవరి మీద వాడుతున్నారో కాస్త చూద్దామని మార్చి నెలంతా పాత డైరీలో గీతలు గీసుకుంటూ వచ్చాను. పదిహేడుసార్లు చెవిన పడింది. మెట్రోలో, అపార్ట్‌మెంటు లిఫ్టులో, కూరల దగ్గర, మా మనవడి స్నేహితుల మధ్య. మిద్దె మీద తులసికి, కరివేపాకుకి పేర్లు పెట్టి పలకరించే మూడో అంతస్తు అమ్మగారిని అన్నారు. ఇంకా బటన్ల ఫోనే వాడే ఒక పెద్దమనిషిని అన్నారు. ఒకాయన రాత్రి పదకొండింటికి, ముందూ వెనకా ఒక్క బండి కూడా లేని రోడ్డు మీద, ఎర్ర సిగ్నలు పడిందని స్కూటరు ఆపి నిలబడ్డాడు. నేను పక్కన టీకొట్టు దగ్గరున్నాను. ‘ఎర్రగడ్డ కేసు మామా వీడు’ అన్నాడు టీ తాగుతున్న కుర్రాడు. ఆ స్కూటరాయన పచ్చ లైటు పడేదాకా ఉండి, ఇండికేటరు కూడా వేసుకుని మరీ తిరిగి వెళ్ళాడు. అది చూసి కుర్రాడు ఇంకా నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది.

పదిహేడింటిలో ఒక్కటి కూడా నిజంగా జబ్బుతో ఉన్న మనిషి మీద పడలేదు. జబ్బు ఉన్న ఇంట్లో ఆ మాట వినబడదు. అక్కడ గొంతులు తగ్గుతాయి. ‘వాళ్ళబ్బాయికి కాస్త బాగోట్లేదు’ అంటారు, అంతే. ఊరి పేరు తిట్టేమో ఆరోగ్యంగా ఉన్నవాడికి, సిగ్గేమో జబ్బు మనిషికి. ఈ పంపకం ఎవరు చేశారో గానీ!

ఏప్రిల్లో ఒకరోజు రైతుబజారు నుంచి సంచీతో వస్తున్నాను. ఒక అమ్మాయి, ముప్ఫై ఐదేళ్ళుంటాయి, పక్కన పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు, వెనక వాళ్ళాయన. ‘పెద్దాయనా, ఆసుపత్రెక్కడ?’ అంది. ‘ఏ ఆసుపత్రమ్మా? ఇక్కడ మూడున్నాయి’ అన్నాను. మాట్లాడలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన చీటీ. విప్పి చూపించడానికి చెయ్యి రాలేదు. ‘పెద్దాసుపత్రి’ అంది మెల్లిగా. పక్కనున్న ఆటో అతను విన్నాడు, నోరు తెరవబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ‘రామ్మా, నేనూ అటే’ అన్నాను. నేను వెళ్ళాల్సింది ఇటు.

దారిలో ఆమే చెప్పింది. నల్గొండ వైపు పల్లె. కుర్రాడికి ఆరు నెలల నుంచి నిద్ర లేదు, ఎవరో పిలుస్తున్నారంటాడు. ‘ఊళ్ళో యాదగిరిగుట్టకు పోతున్నమని చెప్పొచ్చినం’ అంది. కుర్రాడు నా సంచీ వైపు చూసి, ‘తాతా, బరువున్నదా, ఇయ్యి’ అని తీసుకుని మోశాడు. గేటు దాకా మోసి, నాకిచ్చేముందు పైనున్న టమాటాలు నలిగాయేమోనని చూసి సర్దాడు. ఊళ్ళో తెలిస్తే ఆ పిల్లాడికి ఏం పేరు పెడతారో అని వాళ్ళమ్మ గుట్ట పేరు చెప్పి దాచుకొచ్చింది. ఆవిడ దాచిన ఆ ఎర్రగడ్డ పేరే మా మెట్రోలో పిల్లలు ఒకళ్ళకొకళ్ళు పంచుకుంటున్నారు, చాక్లెట్లలాగ.

మీరు నన్ను భాషకి పత్యం పెట్టే మనిషనుకోవద్దు. కాస్త తేడాగా ఉండేవాళ్ళకి పేర్లు పెట్టకుండా ఏ ఊరూ ఉండదు. తెనాలిలో నా బీటులో ఒక రిటైర్డ్ లెక్కల మేష్టారుండేవారు. తనకొచ్చిన ఉత్తరాల్లో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, పదికిన్ని మార్కులని వేసి, తిరుగు టపాలో రాసినవాళ్ళకే పంపేవారు. సొంత అల్లుడికి పదికి నాలుగేసి పంపారు. ఆ అల్లుడు మళ్ళీ ఉత్తరం రాయలేదనుకోండి, అది వేరే సంగతి. ఊరంతా ఆయన్ని తిక్క మేష్టారనేవాళ్ళు. చాటుగా కాదు. ఆయనే అరుగు మీద నుంచి ‘ఏమోయ్, తిక్క మేష్టారికేవైనా ఉన్నాయా?’ అని కేకేసేవారు. ఒకసారి ఇన్‌లాండ్ లెటరొకటి వచ్చింది. పైన పేరొక్కటే, ఇంటి నంబరు లేదు, వీధి లేదు. ‘తిక్క మేష్టారి ఇంటి ఎదురు సందు, తెనాలి, 522201’. సార్టింగు బల్ల దగ్గర ఒక్కడు కూడా తడుముకోలేదు. తిన్నగా నా కట్టలో పడేశారు. పిన్‌కోడ్ 1972లో వచ్చింది, తిక్క మేష్టారు దానికంటే ముందు నుంచీ ఉన్నారు. రెండూ కలిసి పనిచేశాయి. మనిషి వింతతనం ఊరికి గుర్తుగా నిలబడితే అలా ఉంటుంది.

రిటైరయ్యాక తీరిక ఎక్కువై ఈ మాటల్ని సార్టింగు చేసుకుంటూ కూర్చున్నాను. తిక్క రేగుతుంది, తిక్క పుడుతుంది, తిక్క కుదురుతుంది, అవతలివాడు దించుతాడు కూడా. జ్వరంలాగా వస్తుంది, పోతుంది, మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటాడు. వెర్రి తలకెక్కుతుంది, ఎక్కింది దిగకపోదు. పైగా వెర్రి వేయి విధాలన్నారు. అంటే అందరికీ తలా ఒకటి చొప్పున సరిపోతుందని. పిచ్చి సంగతి చెప్పక్కర్లేదు, సినిమాల పిచ్చి, పేకాట పిచ్చి, ‘మనవరాలంటే ఆయనకి పిచ్చి’. మాలోకం అంటే తన లోకంలో తానుండేవాడు, తిట్టులో సగం ముద్దు. ‘ఆయనదో టైపు’ అంటే ఇక అడగొద్దని అర్థం. చాదస్తమైతే ఏకంగా ఛందస్సు నుంచి వచ్చింది. వేదం చదువుకున్న ఛాందసుడు కాలక్రమంలో చాదస్తుడై మన ఇళ్ళలో మూడుసార్లు గ్యాసు కట్టేశామో లేదో చూసే తాతగారయ్యాడు.

ఎర్రగడ్డ ఈ వరసలోది కాదు. దానికి రేగడం, కుదరడం లేవు. దాని క్రియలు చూడండి. పంపాలి, చేర్పించాలి, తప్పించుకొచ్చాడు, ఎప్పుడొదిలారు. పంపడం, చేర్చడం, తిరిగి రావడం. ఇవన్నీ మా శాఖ క్రియలే! కవరు మీద పాత చిరునామా కొట్టేసి పక్కన కొత్తది రాసి రీడైరెక్ట్ చేస్తాం చూడండి, అలా మనిషిని ఊళ్ళోంచి కొట్టేసి ఇంకో ఊరి పేరు రాయడం. తిక్క మేష్టారు తెనాలిలోనే ఉండి తెనాలికే గుర్తయ్యారు. ‘ఎర్రగడ్డ కేసు’కి సొంత ఊళ్ళో చోటు లేదు, అంతే. ఇక ఎర్రగడ్డలోనే ఉంటున్నవాళ్ళని ఎక్కడికి రీడైరెక్ట్ చేస్తారో నాకర్థం కాదు.

ఇది మనవాళ్ళ ఒక్కళ్ళ పని కాదని తెలుసు. మా బావమరిది రైల్వే మెయిల్ సర్వీసులో చేశాడు, రాత్రిళ్ళు బండ్లలో ఉత్తరాలు విడగొట్టుకుంటూ దేశమంతా చూశాడు. ఉత్తరాదివాళ్ళు ‘ఆగ్రా పంపాలి’ అంటారట. తాజ్‌మహల్ చూడ్డానికి కాదు. బీహారు వైపు రాంచీ. పుణెలో ఎరవాడ, మద్రాసులో కీల్పాక్. కోస్తాలో మేం వాల్తేరు అనేవాళ్ళం. నేనూ అన్నాను, దాచడమెందుకు. మా ఆఫీసులో ఒకాయన ప్రతి స్టాంపునీ ముద్ర వేసేముందు భూతద్దంతో చూసేవాడు. ‘ఈయన్ని వాల్తేరు పంపాలండీ’ అని సూపరింటెండెంటు ముందే అన్నాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఇంటికెళ్ళి నవ్వాడో లేదో నేను అడగలేదు. లండన్‌లో 1247లో మఠంగా మొదలై తరవాత మానసిక వైద్యశాల అయిన బెత్లెం పేరే జనం నోళ్ళలో అరిగి ‘బెడ్లం’ అయిందట. ఇప్పుడు ఇంగ్లీషులో బెడ్లం అంటే గందరగోళం. ఈ ముక్క మా మనవరాలు చెప్పింది.

ఆ అమ్మాయి లా చదువుతోంది. ఈ ఉత్తరం రాస్తున్నానంటే తన పుస్తకం తెచ్చి ఎదురుగా కూర్చుంది. 1912లో తెల్లవాళ్ళు పెట్టిన చట్టం పేరే ‘లూనసీ యాక్ట్’ అట, చంద్రుడి వల్ల పిచ్చెక్కుతుందనే నమ్మకంలోంచి వచ్చిన మాట. దాని స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేశారు. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం 3వ సెక్షనులో ఒక మాటుంది, మనవరాలు రెండుసార్లు చదివి నాకు తెలుగులో చెప్పింది. చుట్టూ ఉన్న సమాజం నీతికి, ఆచారానికి, పనితీరుకి, రాజకీయానికి, మతవిశ్వాసానికి ఒక మనిషి ఒదగనంత మాత్రాన అతనికి మానసిక జబ్బుందని తేల్చకూడదు. నేను ‘మళ్ళీ చదువమ్మా’ అన్నాను. ఇది మా నాయనమ్మ మాటే! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆవిడ దాన్ని ఎత్తిపొడుపుగానే అనేది, ఎక్కువగా నన్నే. అయినా ఉలిపికట్టెకీ ఒక దారుందని అందులోనే ఒప్పుకున్నట్టయింది. దాన్ని ఏ ఆసుపత్రికీ పంపలేదు. పార్లమెంటు ఆ ఉలిపికట్టెకి ఒక సెక్షను రాసిపెట్టింది. మూడో పేజీలో ఉన్న ఆ నాయకుడు చట్టాలు చేసే సభలోనే కూర్చుంటాడు కదా, ఒకసారి తిరగేస్తే బావుండును.

ఇంతకీ నాకు అసలు మంట ఎక్కడ పుట్టిందో చెప్పలేదు. మా అపార్ట్‌మెంటులో సాయంత్రం అయ్యేసరికి వాచ్‌మ్యాన్ బల్ల మీద పార్సిళ్ళు గుట్టపడతాయి. అట్టపెట్టెలు, నల్ల కవర్లు, ఒకదాని మీదొకటి. రోజూ ఎవరో ఒకరు తమది వెతుక్కుంటూ మిగతావన్నీ కింద పడేస్తారు. చూస్తూ ఊరుకోలేకపోయాను. ఇప్పుడు రోజూ అయిదున్నరకి కిందికి దిగి, అంతస్తుల ప్రకారం విడగొట్టి, ఫ్లాటు నంబరు పైకి కనబడేట్టు పేరుస్తాను. బరువైనవి అడుగున, మందులు విడిగా. ఎవరూ అడగలేదు, జీతం లేదు. వేళ్ళు ఊరుకోవు. మొన్న లిఫ్టులో వెనకాల నిలబడ్డాను, ముందున్న ఇద్దరు కుర్రాళ్ళు నన్ను చూసుకోలేదు. ‘ఆ పార్సిల్ అంకుల్ ఎవరు బ్రో?’ అన్నాడొకడు. ‘ఎర్రగడ్డ కేసు బ్రో’ అన్నాడు రెండోవాడు.

నాలుగో అంతస్తు వచ్చింది. దిగుతూ, ‘అవున్నాయనా, ఎర్రగడ్డే. నువ్వూ ఎర్రగడ్డే. 403. నీకు ఇవాళ రెండొచ్చాయి, ఒకటి బూట్లనుకుంటాను’ అన్నాను. పిల్లాడి మొహం కందగడ్డయింది. మర్నాడు అయిదున్నరకి వాడే కిందికొచ్చి, ‘అంకుల్, పై వరస నేను సర్దనా’ అన్నాడు. సర్దాడు, తప్పులతో. 302వి 203లో పెట్టాడు. పదికి ఆరు వేశాను.

మిమ్మల్ని కోరేది చిన్నదే. జనం నోరు మీరు కట్టలేరు, నేనూ కట్టలేను, కట్టాలని కూడా లేదు. కానీ ఒక నాయకుడు సభలో అన్నమాటని హెడ్డింగు చేయాలా వద్దా అనేది మీ చేతిలో పని. లోపల రాసుకోండి, ఎవరు ఎవర్నన్నారో పాఠకులకి తెలియాలి, కాదనను. పై అక్షరాల్లో మాత్రం మా ఊరిని వదిలేయండి. అలాగే మీ ఆదివారం అనుబంధంలో హాస్యం శీర్షిక రాసే ఆయన మూడు వారాల్లో రెండుసార్లు ఇదే మాట మీద నవ్వించబోయారు. ఆయనకి తెలుగులో ఇంతకంటే మంచి సరుకుందని చెప్పండి. తిక్క ఉంది, మాలోకం ఉంది, ఉలిపికట్టె ఉంది. దుమ్ము దులిపితే చాలు.

ఉత్తరం పొడుగైంది. కత్తిరించుకోండి, బాధపడను. మేష్టారి గురించిన ముక్క మాత్రం ఉంచితే సంతోషిస్తాను, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నా పేరు వేయకపోయినా పర్వాలేదు. ఊరి పేరు మాత్రం ఉత్త ‘హైదరాబాద్’ అని కుదించకుండా కింద రాసినట్టే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్,
ఎర్రగడ్డ.